కొడుక్కి ఇంటర్వెల్ దాకానే చెప్పిన కథ

ఈసారి వచ్చిన ఉత్తరం పదకొండు పేజీలు. పేరు వెయ్యొద్దని రాసినాయన కోరారు. ఊళ్ళ పేర్లు నేనే తీసేశాను. క్లుప్తంగా సంగతి ఇది.

ఆయనకి 55 ఏళ్ళు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. పెళ్ళయిన ఏడేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు ఇప్పుడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉన్నాడు. 2025 నవంబరులో 'శివ' సినిమా కొత్త ప్రింటుతో మళ్ళీ థియేటర్లకి వస్తే, తండ్రీకొడుకులు ఆదివారం సెకండ్ షోకి వెళ్ళారు. 1989 అక్టోబరులో ఆ సినిమా మొదటిసారి విడుదలైనప్పుడు ఈయన కోస్తాలో ఒక టౌన్లో డిగ్రీ రెండో ఏడు. రెండు వారాల్లో ఆరుసార్లు చూశారట.

చూసి ఊరుకోలేదు. అందులో శివగా వేసిన నాగార్జున సైకిల్ చైను ఊడలాగి దానితో కొట్టే సీను ఒకటుంది. "సినిమాలోలాగా లాగితే చైను ఊడి రాదని, వేళ్ళు కోసుకున్నాక తెలిసింది. సైకిల్ షాపతన్ని బతిమాలి పాత చైను ఒకటి తెచ్చుకుని నాలుగు నెలలు పుస్తకాల సంచిలో వేసుకు తిరిగాను" అని రాశారు. 1990 ఫిబ్రవరిలో హాస్టల్ మెస్ బిల్లు దగ్గర రెండు గ్యాంగుల మధ్య గొడవ అయింది. సైకిల్ స్టాండులో ఈయన ఒక జూనియర్‌ని ఆ చైనుతో కొట్టారు. "వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అవతలివాళ్ళతో నిలబడి ఉన్నాడు, అంతే. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు." ఆ ఎడమ చేతి వేళ్ళు రెండు మళ్ళీ వంగలేదు. ఆ అబ్బాయి ఆ ఏడు పరీక్షలు రాయలేదు, తర్వాత కాలేజీకే రాలేదు. వాళ్ళ నాన్న పల్లెటూళ్ళో టైలరు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఈయన తండ్రి ఆస్పత్రి ఖర్చుల కింద రెండు వేలు ఇచ్చారు. పోలీసు కేసు లేదు.

ఇదీ జరిగింది. కొడుక్కి చెప్పింది మాత్రం వేరు. పదో తరగతి నుంచీ ఆ అబ్బాయి వింటున్న కథలో ఒక రౌడీ గ్యాంగు ఉంది, వాళ్ళకి ఒంటరిగా ఎదురెళ్ళిన నాన్న ఉన్నాడు, చైను ఉంది. విరిగిన వేళ్ళు లేవు. భార్యకి తెలిసిందీ ఈ కథే. హాస్టల్లో కొడుకు స్నేహితులు ఈయన్ని 'చైన్ అంకుల్' అంటారట.

మొన్న సినిమాలో చైను సీను రాగానే కొడుకు ఈల వేసి తండ్రి వైపు చూశాడు. ఈయనా నవ్వారు. సెకండాఫ్‌లో శివ అన్నకూతురు హత్యకి గురయ్యే దగ్గర మాత్రం తల దించుకు కూర్చున్నారు. "ఆరుసార్లు చూసినప్పుడు ఆ పాప చనిపోవడం నాకు గుర్తే లేదమ్మా. ఆ తర్వాత వచ్చే ఫైటే గుర్తు" అన్నారు. ఇంటికొస్తుంటే దారిలో కొడుకు అడిగాడు: "డాడీ, ఆ చైను ఇంకా ఉందా?" ఉంది, సొంతూళ్ళో అటక మీద పెట్టెలో. సంక్రాంతికి వెళ్ళినప్పుడు తెచ్చుకుని హాస్టల్ గదిలో పెట్టుకుంటానన్నాడు. మూడు వారాల తర్వాత వార్డెన్ ఫోన్. సీనియర్లతో గొడవలో ఈ అబ్బాయి బెల్టు తీశాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, హెచ్చరించి వదిలేశారు.

దెబ్బ తిన్న ఆయన ఇప్పుడు ఈయన సొంతూరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో జిరాక్స్ షాపు నడుపుతున్నారని తెలిసింది. ప్రశ్నలు మూడు. కొడుక్కి నిజం చెప్పాలా, చెబితే వాడి దగ్గర విలువ పోదా? ఆ మనిషి దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడగాలా, లేక బంధువైన లాయరు చెప్పినట్టు పాత గొడవ తవ్వకుండా ఊరుకోవాలా? మూడోది: "ప్రాణంగా చూసుకున్న సినిమా. ఇప్పుడు పోస్టరు చూసినా కడుపులో తిప్పుతోంది. తప్పు సినిమాదా, నాదా?"

మూడోదే ముందు తీసుకుంటాను. తేలికైంది కాబట్టి కాదు, మిగతా రెండూ దానికి కట్టేసి ఉన్నాయి కాబట్టి.

'శివ' వచ్చే నాటికి నేను విజయవాడలో లేడీస్ హాస్టల్లో ఉన్నాను. 1988 డిసెంబరు 26న అక్కడి ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య జరిగి ఏడాది కూడా కాలేదు. అల్లర్లు, కర్ఫ్యూ, కాలిపోయిన షాపులు అందరి కళ్ళలోనూ ఉన్నాయి. రౌడీలు కాలేజీల్లోకి ఎలా వస్తారో, కుర్రాళ్ళని ఎలా వాడుకుంటారో మాకు సినిమా చెప్పక్కర్లేదు. సినిమా తీసిన దర్శకుడు రాంగోపాల్ వర్మ కూడా విజయవాడలో ఇంజినీరింగ్ చదివినవాడే. అందుకే ఆ సినిమా మాకు కథలా అనిపించలేదు. అప్పటిదాకా ఫైటంటే డిష్యుం డిష్యుం. ఇందులో దెబ్బ దెబ్బలా వినిపించింది. రఘువరన్ విలన్ భవానీగా గొంతు పెంచకుండా మాట్లాడుతుంటే మా వరసలో అమ్మాయిలందరం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాం. (హీరోయిన్ అమల చేత ఆ సినిమాలో పెద్దగా పని చేయించలేదని మాకు అప్పుడే తెలుసు. మమ్మల్నెవరూ అడగలేదు.)

ఒక లెక్క చూడండి. అది తీసేనాటికి వర్మకి 27 ఏళ్ళు, మొదటి సినిమా. నాగార్జునకి 30. మనందర్నీ అంత భయపెట్టిన రఘువరన్‌కీ 30 ఏళ్ళే. కుర్రాళ్ళు కుర్రాళ్ళ కోసం తీసిన సినిమా అది. ఇంట్లో ఉండే అన్నగా వేసిన మురళీమోహన్‌కి అప్పుడు 49. ఇప్పుడు మీరు అప్పటి ఆయన కంటే ఆరేళ్ళు పెద్ద. డిగ్రీ కుర్రాడిగా చూసినప్పుడు మీ కళ్ళు శివ వెనకాల పరిగెత్తాయి. ఇప్పుడు ఆ ఇంటి దగ్గరే ఆగిపోయాయి. అందులో వింతేమీ లేదు, మీరు సినిమాకి ద్రోహం చేసిందీ లేదు.

కానీ ఒక్క విషయం గమనించారా? ఆ పాప చావు 1989 ప్రింటులోనూ ఉంది. దాన్ని కొత్తగా ఎవరూ కలపలేదు. చైను పట్టుకున్న చెయ్యి చివరికి ఎవరింటి మీదికి ఏం తెస్తుందో, శివ స్నేహితుడు మల్లి ఏమయ్యాడో, అన్న కూతురు ఏమయిందో ఆ ఇరవై ఏడేళ్ళ కుర్రాడు దాచకుండా చూపించాడు. ఆరుసార్లు చూసీ మీరు దాన్ని వదిలేశారు. ఇప్పుడు ఆ పని మీ అబ్బాయి చేస్తున్నాడు. అయితే వాడి తప్పు మీ తప్పు కన్నా చిన్నది. ఎందుకంటే మీరు సినిమాలో సగం మరిచిపోయారు. వాడికి మాత్రం మీరు ఇంటర్వెల్ దాకానే చెప్పారు.

కాబట్టి సినిమా మీద కోపం తెచ్చుకోకండి. ఆ సినిమా లక్షలమంది చూశారు, చైను సంచిలో వేసుకు తిరిగిన వాళ్ళు కొందరే. సినిమా మీకు చైను చూపించిందన్నది నిజం. నాలుగు నెలలు దాన్ని మొయ్యమని చెప్పలేదు, గొడవతో సంబంధం లేని కుర్రాడి మీద ఎత్తమనీ చెప్పలేదు. అలాగని 'నేను రాక్షసుణ్ణి' అనుకుంటూ కూర్చుంటే దానివల్లా ఎవరికీ ఉపయోగం లేదు. మీ ఉత్తరంలో ఆ మాట నాలుగుసార్లు వచ్చింది. ఆ జిరాక్స్ షాపు నడిపే ఆయన గురించి ఇప్పుడు ఎలా ఉన్నారు, పెళ్ళయిందా, పిల్లలున్నారా అన్న మాట ఒక్కసారీ రాలేదు. నొప్పించాలని అనడం లేదు, చదువుతుంటే కొట్టొచ్చినట్టు కనబడింది కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. చెప్పకుండా ఊరుకోవడం కూడా ఒక దారే. చాలామంది తండ్రులు ఆ దారే పడతారు. మీ గౌరవం పైకి అలాగే ఉంటుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ బెల్టు తీసిన రోజు వాడి మనసులో ఎవరున్నారనుకుంటున్నారు? నాగార్జునా, మీరా? మీరేనని నా అనుమానం. నాగార్జున సినిమాలో మనిషి. మీరు నిజంగా చేసి, చదువు పూర్తి చేసి, బ్యాంకులో ఉద్యోగం సంపాదించి, కారు కొనుక్కుని దర్జాగా ఉన్న మనిషి. 'కొడితే ఏమీ కాదు' అనడానికి వాడి దగ్గర ఉన్న సాక్ష్యం మీ జీవితమే.

ఆ సాక్ష్యం ఈ రోజుల్లో చెల్లదు కూడా. 1990లో మీ నాన్నగారు రెండు వేలతో తేల్చిన పని ఇప్పుడు అలా తేలదు. ప్రతి చేతిలో ఫోను, ప్రతి ఫోన్లో కెమెరా. ర్యాగింగ్‌పై మనకి 1997 నుంచీ చట్టం ఉంది. 2009లో యూజీసీ పెట్టిన నిబంధనల ప్రకారం ర్యాగింగ్ చేసినవాళ్ళని కాలేజీ నుంచి తీసేయొచ్చు. సీనియర్లే ర్యాగింగ్ చేసి ఉంటే అది వార్డెన్‌కి, కాలేజీ కమిటీకి రాసి ఇవ్వాల్సిన విషయం. ఆ సంగతీ కనుక్కోండి. మీ వాడు ఊరికే బెల్టు తీసి ఉండకపోవచ్చు. కానీ ప్రమాదకరమైన ఆయుధంతోనో వస్తువుతోనో కొట్టి గాయం చేస్తే భారతీయ న్యాయ సంహితలో 118వ సెక్షన్ ఉంది. గాయం తీవ్రమైనదైతే కనీసం ఏడాది జైలు, ఎక్కువలో ఎక్కువ యావజ్జీవం. పద్దెనిమిది నిండిన కుర్రాణ్ణి చిన్నపిల్లాడని ఎవరూ వదలరు.

చెప్పడం రెండో దారి. దీనికీ ఖర్చుంది. వాడు మీ మీద అలగొచ్చు, కొన్నాళ్ళు సరిగా మాట్లాడకపోవచ్చు. 'మూడేళ్ళు నాకు అబద్ధం చెప్పావు' అని వాడు అంటే మీ దగ్గర జవాబు ఉండదు. వాడు స్నేహితుల దగ్గర మీ కథ గొప్పగా చెప్పుకుని ఉన్నాడు కాబట్టి వాడికీ కాస్త పరువు నష్టం. ఇంకో ప్రమాదం ఉంది, మీరు ఊహించనిది. వాడు 'అయితే ఏంటి డాడీ, చిన్నప్పుడు అందరూ చేసేదే కదా' అని తేలిగ్గా తీసిపారేయొచ్చు. కోపం తట్టుకోవచ్చు గానీ ఇది తట్టుకోవడం కష్టం. అప్పుడు లెక్చరుకి దిగకండి. వేళ్ళ సంగతి ఇంకోసారి చెప్పి ఆగండి.

విలువ పోదా అని అడిగారు. చైన్ అంకుల్ విలువ పోతుంది, నిజమే. పోనివ్వండి. నాన్న విలువ పోతుందో లేదో నాకు తెలీదు. వాడు ఎలాంటి పిల్లాడో మీకే తెలియాలి. ఒకటి మాత్రం అనుభవం మీద చెప్పగలను. ఈ శీర్షికకి ఇరవై ఏళ్ళ పిల్లలు రాసే ఉత్తరాల్లో 'నాన్న తప్పు ఒప్పుకున్నాడు' అని బాధపడుతూ రాసిన ఉత్తరం ఇంతవరకూ నాకు రాలేదు. దానికి ఎదురు రకం మాత్రం దాదాపు ప్రతివారం వస్తాయి.

చెప్పదలిస్తే ముందు మీ ఆవిడకి చెప్పండి. పాతికేళ్ళుగా ఆవిడ మీ కథని చుట్టాల ముందు మీకన్నా బాగా చెప్పి ఉంటారు. కొడుకు నోటి నుంచి ఆవిడకి తెలిస్తే అది రెండో గాయం. ఆవిడకి కోపం వస్తే రానివ్వండి. ఆ కోపం చల్లారాకే పిల్లాడి దగ్గరికి వెళ్ళండి, లేకపోతే ఇద్దరి కోపాలూ కలిసి మీరు మళ్ళీ కథ మార్చేస్తారు. మీ వాడికి చెప్పేటప్పుడు 'శివ'తో మొదలుపెట్టకండి. సినిమా పేరెత్తగానే మీరు హీరో కుర్చీలో కూర్చుంటారు, అలవాటు. మెస్ బిల్లు దగ్గర మొదలుపెట్టండి. ఆ అబ్బాయి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం దగ్గర ఆపండి. ఆ తర్వాత మీ పశ్చాత్తాపం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, వాడికి కళ్ళున్నాయి.

మూడో దారి ఒకటి మీరే రాశారు: నిజం చెప్పకుండా, వేరే ఎవరి కథలాగానో చెప్పి భయపెట్టడం. అది పనిచేయదనే నా నమ్మకం. పిల్లలు 'మా ఫ్రెండ్ ఒకడు' అన్న మాట వినగానే పట్టేస్తారు, ఎందుకంటే మన దగ్గర వాళ్ళు వాడేదీ అదే.

ఇక ఆ జిరాక్స్ షాపాయన. ఇక్కడ నేను మీకన్నా నెమ్మదిగా నడవాలి, మీరూ నడవండి.

లాయరు బంధువు మాటలో సగం నిజం ఉంది. నేను లాయర్ని కాను, వెళ్ళే ముందు క్రిమినల్ కేసులు చూసే మంచి లాయరుని విడిగా కలవండి. మామూలు గాయం కేసయితే మూడేళ్ళు దాటాక కోర్టు సాధారణంగా తీసుకోదు. కానీ ఆయుధంతో కొట్టి వేళ్ళ శక్తి శాశ్వతంగా పోగొడితే అది అప్పటి ఐపీసీలో, అంటే న్యాయ సంహితకి ముందున్న శిక్షాస్మృతిలో, 326వ సెక్షన్. దానికి అలాంటి గడువు లేదు. ఇన్నేళ్ళ తర్వాత సాక్షులు, ఆస్పత్రి కాగితాలు దొరకడం కష్టమే. అయినా తెలిసి వెళ్ళడం వేరు, తెలియక వెళ్ళడం వేరు. ఈ భయంతో ఆగిపోతే ఆగండి, తప్పు పట్టను. కానీ 'ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఆగాను' అని మీకు మీరు చెప్పుకోకండి. ఇప్పటికే ఒక కథ మార్చి చెప్పారు, అది చాలు.

వెళ్ళకుండా ఉండటానికి మంచి కారణం కూడా ఉంది. ఆయన మిమ్మల్ని రమ్మనలేదు. షాపులో గిరాకీ ఉన్న వేళ, పాస్‌బుక్ కాపీ తీస్తుండగా, మీరు పళ్ళ బుట్టతో ఎదురుగా నిలబడితే ఆయన ఏం చేయాలి? పదిమంది ముందు క్షమించాలి. లేదా పదిమంది ముందు కసిరి, 'పాపం ఇంత దూరం వచ్చాడు, ఒక్క మాట అంటే ఏం పోయింది' అని తానే మాట పడాలి. అంటే మళ్ళీ సైకిల్ స్టాండే. అప్పుడు చైను ఎత్తారు, ఇప్పుడు చేతులు జోడిస్తారు, ఆయనకి తప్పించుకునే దారి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అందుకని వెళ్ళాలనే నిర్ణయానికి వస్తే, ముందు ఇద్దరికీ తెలిసిన మనిషిని పట్టుకోండి. పాత లెక్చరర్లో, ఆ ఏడు మెస్ నడిపిన కుర్రాళ్ళో ఎవరో ఒకరు దొరక్కపోరు. "ఫలానా ఆయన కలవాలనుకుంటున్నాడు. మీకు ఇష్టమైతేనే, మీరు చెప్పిన చోటే. వద్దంటే ఇంకెప్పుడూ అడగడు." ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ పంపకండి. వద్దన్నారనుకోండి, అది జవాబే. దాన్ని గౌరవించి ఊరుకోవడం కూడా మీరు ఆయనకి ఇవ్వగలిగిన వాటిలో ఒకటి. రమ్మంటే ఒక్కరే వెళ్ళండి. పిల్లాణ్ణి పాఠం నేర్పడానికి వెంట తీసుకెళ్ళకండి. ఆ చెయ్యి మీ వాడికి చూపించడానికి పెట్టిన బొమ్మ కాదు.

డబ్బు గురించి మీరు లక్ష అని రాసి కొట్టేశారు, రెండు లక్షలని రాసి అదీ కొట్టేశారు. సంఖ్య ముందే అనుకోకండి. మొదటి కలయికలో డబ్బు తీస్తే అది మీ నాన్నగారి రెండు వేలకి వడ్డీ కట్టినట్టే ఉంటుంది. అలాగని డబ్బు మాటే ఎత్తకూడదనే మడి కూడా నాకు లేదు. ఆయన చదువు ఆగిపోయింది, దానితో సంపాదనా తగ్గే ఉంటుంది. మాట్లాడాక, కొన్నాళ్ళ తర్వాత, "మీ పిల్లల చదువుకి ఏమైనా చేయనిస్తారా" అని ఒక్కసారి అడగొచ్చు. కాదంటే రెండోసారి అడక్కండి.

ఆయనకి మీరు గుర్తే లేకపోవచ్చు కూడా. గుర్తుంది వేళ్ళే కావచ్చు. లేదా మీరు అనుకున్న దానికన్నా చాలా బాగా బతుకుతూ ఉండొచ్చు, మీ జాలి ఆయనకి చిరాకు తెప్పించొచ్చు. మీరు ఏడ్వడానికి సిద్ధపడి వెళితే ఆయన టీ చెప్పి క్రికెట్ మాట్లాడి పంపేయొచ్చు. దానికీ సిద్ధంగా ఉండండి.

ఈ రెండు పనుల్లో ఒకటే చేయగలిగితే ఏది చెయ్యాలని అడిగితే, నేనైతే అబ్బాయి వైపు మొగ్గుతాను. ఆయనకి జరిగింది జరిగిపోయింది, మీరు వెళ్ళినా వేళ్ళు వంగవు. హాస్టల్లో ఇంకా ఎవరి వేళ్ళకీ ఏమీ కాలేదు. అయితే ఇది నా తూకం. రాత్రి పూట నిద్ర పట్టనిది మీకు. మీ తూకం వేరుగా ఉంటే దాని ప్రకారమే నడవండి.

చైను గురించి మీరు ప్రశ్నేమీ అడగలేదు. అయినా సంక్రాంతి దగ్గరికొస్తోంది కాబట్టి చెబుతున్నాను. మీ వాడి కన్నా ఒకరోజు ముందు ఊరు చేరండి. అటక మీంచి పెట్టె దింపి చూడండి. ఇన్నేళ్ళకి తుప్పు పట్టి పిడచగట్టి ఉంటుంది. పాతసామాన్లవాడికి వెంటనే వేసేయకండి, పోయిందని చెబితే వాడు ఇంకో చైను కొనుక్కుంటాడు. కాగితంలో చుట్టి పక్కన పెట్టుకుని, భోజనాలయ్యాక మెస్ బిల్లు దగ్గర మొదలుపెట్టండి. అంతా విన్నాక కూడా వాడు అది కావాలంటాడో లేదో నాకు రాయండి.